దయ్యాల రచయిత హ్యారీ ప్రైస్: వేటగాడా, గారడీవాడా?

సైదాపేట సూరి · శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ట్రిప్లికేన్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. నూటయాభై చెప్పాడు, ఎనభైకి ఇచ్చాడు. ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ ఘోస్ట్ హంటర్’, 1936 నాటిది. రాసింది హ్యారీ ప్రైస్. ఆ రాత్రి రెండింటిదాకా చదువుతూనే ఉన్నాను. భయపడి నిద్ర పట్టక కాదు, వదలబుద్ధి కాక.

అప్పటినుంచి ఈ మనిషి వెంట పడ్డాను. 1881లో లండన్‌లో పుట్టాడు. తండ్రి కాగితం కంపెనీ సరుకు తిరిగి అమ్మే సేల్స్‌మన్, కొడుకూ అదే పని చేశాడు. సొంతూరు అడిగితే మాత్రం లండన్ అనేవాడు కాదట, పల్లెటూళ్ళ ష్రాప్‌షైర్ పేరు చెప్పుకునేవాడట. (టి.నగర్‌లో పుట్టి ‘మాది గోదావరి జిల్లా అండీ’ అనే బాపతు. నేనూ అదే బాపతు, అందుకే వెంటనే నచ్చాడు.) చిన్నప్పటినుంచీ గారడీ పిచ్చి. 1920లో, ఆత్మలూ దయ్యాల సంగతులు పరిశోధించే సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్‌లో చేరాడు. 1922లో గారడీవాళ్ళ సంఘం మ్యాజిక్ సర్కిల్‌లోనూ సభ్యుడయ్యాడు. 1926లో సొంతంగా నేషనల్ లాబొరేటరీ ఆఫ్ సైకికల్ రీసెర్చ్ పెట్టాడు. అదెక్కడో తెలుసా? ఆత్మలతో మాట్లాడతామనే వాళ్ళ సంఘం ఉన్న బిల్డింగ్‌లోనే, అద్దెకి. 1948లో గుండెపోటుతో పోయేదాకా పుస్తకాలు రాస్తూనే ఉన్నాడు.

ఈయన్ని సైంటిస్టు అనాలా, రచయిత అనాలా, గారడీవాడు అనాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఓఎమ్మార్ నైట్ షిఫ్ట్ · రాత్రి 11:05

అన్నా, షోలింగనల్లూరులో మా ఆఫీసు ఆరో ఫ్లోర్‌కి రాత్రి రెండున్నరకి లిఫ్ట్ దానంతటదే వచ్చి తలుపు తీస్తుంది. లోపల ఎవరూ ఉండరు. ప్రైస్ గారి నంబర్ దొరుకుతుందా?

పెరంబూరు పద్మజ · రాత్రి 11:20

తమ్ముడూ, కొన్ని లిఫ్టులు ఖాళీగా ఉంటే ఒక ఫ్లోర్‌కి వెళ్ళి ఆగేలా సెట్ చేసి పెడతారు. మెయింటెనెన్స్ అతన్ని అడుగు.

సూరి గారూ, నేను ఫిజిక్స్ చెప్తాను, నాకు ఈయన వేరే దారిలో తెలుసు. ఆత్మల ఫోటోలు తీస్తానని ఇంగ్లండ్‌లో విలియం హోప్ అనే ఆయనకి పెద్ద పేరు ఉండేది. మీరు కూర్చుంటే, ఫోటోలో మీ వెనకాల చచ్చిపోయిన మీ వాళ్ళ మొహం వచ్చేది. 1922లో ప్రైస్ ఆయన దగ్గరికి వెళ్ళాడు. తీసుకెళ్ళిన గాజు ప్లేట్ల మీద ముందే ఎక్స్‌రేతో కంపెనీ గుర్తు వేయించాడు. అది పైకి కనిపించదు, ప్లేటు కడిగితేనే బయటపడుతుంది. ఫోటో వచ్చింది, అందులో ‘ఆత్మ’ కూడా వచ్చింది. గుర్తు మాత్రం రాలేదు! అంటే మధ్యలో ప్లేటు మారిపోయింది. చేతి కనికట్టు తెలిసినవాడు కాబట్టే ఎక్కడ పట్టుకోవాలో తెలిసింది.

1931లో హెలెన్ డంకన్ అనే ఆవిడ సంగతి ఇంకా గమ్మత్తు. ఒంట్లోంచి ఆత్మ పదార్థం బయటికొస్తుందనేది. ప్రైస్ ఫోటోలు తీసి, ముక్క కత్తిరించి పరీక్ష చేయించి, అది మింగి కక్కిన పల్చటి గుడ్డ అని తేల్చాడు. ఎక్స్‌రే తీద్దామనేసరికి ఆవిడ అరుచుకుంటూ వీధిలోకి పరుగెత్తింది. ఆవిణ్ణే 1944లో, ఎప్పుడో 1735 నాటి మంత్రవిద్యల చట్టం కింద జైల్లో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా!

నా ఓటు: సైంటిస్టు కాదు, మంచి డిటెక్టివ్.

అడయారు వంతెన · ఆదివారం, ఉదయం 7:15

మంచి థ్రెడ్. ప్రైస్ చేరిన ఆ సొసైటీ పేరు మన ఊళ్ళో అంతకు ముప్పయ్యయిదేళ్ళ ముందే మారుమోగింది, ఎవరికైనా గుర్తుందా? రోజూ వాకింగ్‌కి వెళ్తూ ఆ గోడ పక్కనుంచే నడుస్తాను కాబట్టి చెప్పకుండా ఉండలేను.

దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు అడయారులో తోట కొన్నది 1882లో. లండన్‌లో ఆ సొసైటీ పుట్టిందీ అదే ఏడు. అడయారు బంగళాలో, సమాజం పెట్టినవాళ్ళలో ఒకరైన మేడమ్ బ్లావట్‌స్కీ పడకగది పక్కనే ఒక గది, అందులో గోడకి ఆనించి ఒక చెక్క బీరువా. దానికి ‘ష్రైన్’ అని పేరు. హిమాలయాల్లోని మహాత్ములు రాసిన ఉత్తరాలు అందులో ప్రత్యక్షమయ్యేవని ప్రచారం. ఆ ఇంట్లోనే పనిచేసిన ఎమ్మా కూలూమ్ గొడవపడి బయటికొచ్చి, బ్లావట్‌స్కీ తనకు రాసినవంటూ కొన్ని ఉత్తరాలు పాదిరీల చేతికిచ్చింది. 1884 సెప్టెంబరులో అవి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ మ్యాగజైన్‌లో అచ్చయ్యాయి. అప్పట్లో ఆ కాలేజీ తాంబరంలో కాదు, హైకోర్టు ఎదురుగా జార్జిటౌన్‌లో ఉండేది. ఊరంతా అట్టుడికిపోయి ఉంటుంది.

లండన్ సొసైటీ రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే కుర్రవాణ్ణి పంపింది. డిసెంబరులో ఓడ దిగి, మూడు నెలలు ఇక్కడే ఉండి, గోడలు చూసి, చేతిరాతలు పోల్చి, అంతా మోసమేనని రిపోర్టు రాశాడు. అది 1885లో వచ్చింది. బ్లావట్‌స్కీ అదే ఏడు దేశం వదిలి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. నూరేళ్ళ తర్వాత 1986లో అదే సొసైటీ పత్రికలో వెర్నన్ హారిసన్ అనే చేతిరాత నిపుణుడు, హాడ్జ్‌సన్ రిపోర్టు ఏకపక్షంగా ఉందని గట్టిగా విమర్శించాడు. చూశారా, దయ్యం కేసు సివిల్ కేసు కన్నా ఎక్కువకాలం నడుస్తుంది.

దయ్యాల విచారణకి మద్రాసు కొత్తేం కాదని చెప్పడానికే ఇదంతా.

కావలి కోడలు · ఉదయం 9:48

మీరంతా పుస్తకాల్లో చదివారు, నేను అనుభవించాను. నవ్వితే నవ్వండి. 2015 వరదలు తగ్గాక మేము ఒక ఇంట్లో దిగాం, ఏరియా చెప్పను. పది నెలల అడ్వాన్స్. రోజూ రాత్రి ఒంటిగంట దాటాక వంటింట్లో మల్లెపూల వాసన. మా ఇంట్లో పువ్వు లేదు, పక్కింట్లో తీగ లేదు. నాకే కాదు, మా ఆయనకీ వచ్చేది. ఆయన దేవుణ్ణే సరిగ్గా నమ్మరు. నాలుగు నెలలకి ఖాళీ చేశాం. ఓనరు పెయింటింగ్ ఖర్చని అడ్వాన్స్‌లో సగం పట్టుకున్నాడు, అది వేరే భయం.

నేను చెప్పేది ఏమిటంటే, మన దగ్గర ఇలాంటిది చెప్తే రెండే జవాబులు. ఒకటి ‘అంతా నీ భ్రమ’, రెండు ‘తాయెత్తు కట్టించు’. వచ్చి చూసి రాసుకునే మనిషి ఉండడు.

సైదాపేట సూరి · ఉదయం 10:30

అమ్మా, నవ్వను. నాకు ప్రైస్ నచ్చింది సరిగ్గా అక్కడే. దయ్యం ఉందన్న ఇంటికి ఆయన పట్టుకెళ్ళే పెట్టెలో ఏమేం ఉండేవో చెప్తా వినండి. చప్పుడు కాకుండా నడవడానికి మెత్తటి చెప్పులు. తలుపులకీ కిటికీలకీ కట్టి సీలు వేయడానికి దారం, సీసం సీళ్ళు. కొలిచే టేపు, థర్మామీటర్, కెమెరా, టార్చి, కొవ్వొత్తి, సుద్దముక్క. నేల కొంచెం అదిరినా తెలిసేందుకు గిన్నెలో పాదరసం. ఎవరైనా స్పృహ తప్పితే పట్టడానికి బ్రాందీ సీసా. (బ్రాందీ నిజంగా ఎవరు తాగారో పుస్తకంలో రాయలేదు.) మీ వంటింటికి వచ్చి ఉంటే ముందు కిటికీలు సీలు వేసేవాడు.

పెరంబూరు పద్మజ · ఉదయం 11:02

మన దేశం వాణ్ణి కూడా పరీక్షించాడు, తెలుసా? కశ్మీర్ నుంచి వెళ్ళిన కుదా బక్ష్ అనే గారడీ ఆయన 1935 సెప్టెంబరులో లండన్ దగ్గర కార్షాల్టన్‌లో నిప్పుల మీద నడిచాడు. ప్రైస్ కందకం తవ్వించి, కట్టెలు కాల్పించి, డాక్టర్లని, ప్రొఫెసర్లని పిలిచాడు. నడవకముందు, నడిచాక పాదాలు చూశారు. బొబ్బ లేదు. అదే నిప్పుల మీద నడిచిన ఇంగ్లీషువాళ్ళకి కాళ్ళు కాలాయి.

ఇందులో మంత్రం లేదు. కట్టె బొగ్గు, దాని మీది బూడిద వేడిని నెమ్మదిగా వదులుతాయి. అడుగు పడి లేచేది అర సెకను. తడబడినవాడికి, ఆగినవాడికి కాలుతుంది. మన ఊళ్ళలో పీర్ల పండక్కి గుండం తొక్కేవాళ్ళకీ, ఇక్కడ అమ్మవారి గుళ్ళలో తీమిది తొక్కేవాళ్ళకీ ఇది ఎప్పుడో తెలుసు, మాటల్లో చెప్పరంతే. మా క్లాసులో ప్రతి ఏడూ ఈ కథ చెప్తాను. ‘మేడమ్, ప్రాక్టికల్ ఎప్పుడు?’ అని అడిగేవాడు ప్రతి ఏడూ ఒకడుంటాడు.

ఓఎమ్మార్ నైట్ షిఫ్ట్ · ఉదయం 11:40

మేకని మనిషిని చేయడానికి వెళ్ళింది ఈయనేనా? ఎక్కడో చదివాను.

సైదాపేట సూరి · మధ్యాహ్నం 12:10

ఈయనే. 1932లో జర్మనీలో బ్రాకెన్ కొండ మీదికి ఒక మేకని, తెల్లబట్టల్లో ఒక కన్యని తీసుకెళ్ళాడు. పాత మంత్రాల పుస్తకం ప్రకారం ఆ మేక అందగాడిగా మారాలి. పత్రికలవాళ్ళు, జనం, లైట్లు. మేక మేకగానే దిగింది. మంత్రం పనిచేయదని చూపించడానికే చేశానన్నాడు. అలా చూపించడానికి అంత మంది ఫోటోగ్రాఫర్లు ఎందుకని అడగాలి. 1936లో దయ్యాలున్నాయన్న ఇంట్లోంచి బీబీసీ రేడియోలో లైవ్ కూడా ఇచ్చాడు. మన న్యూస్ ఛానళ్ళు అర్ధరాత్రి పాడుబడ్డ బంగళాలో మైకు పట్టుకుని గుసగుసలాడతాయే, దానికి తాతముత్తాత.

ఇక అసలు కథ, బోర్లీ రెక్టరీ, అంటే పాదిరీ ఉండే ఇల్లు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

ఇంగ్లండ్‌లో ఎసెక్స్ జిల్లాలో బోర్లీ అనే పల్లె. 1862 ప్రాంతంలో పాదిరీ బుల్ కట్టించుకున్న ఎర్ర ఇటుకల పెద్ద ఇల్లు. ఆయనకి పద్నాలుగు మంది పిల్లలు. తోటలో ఒక సన్యాసిని తిరుగుతుందని ఊళ్ళో చెప్పుకునేవారు. 1929లో ఆ ఇంట్లో ఉన్నది కలకత్తా నుంచి వెళ్ళిన పాదిరీ స్మిత్, ఆయన భార్య. వాళ్ళు ‘డైలీ మిర్రర్’కి ఉత్తరం రాస్తే, పత్రిక విలేఖరిని పంపి, వెనకే ప్రైస్‌ని పంపింది. ఆయన అడుగుపెట్టిన రోజే రాళ్ళు పడ్డాయి, పూలకుండీ పగిలింది, గంటలు మోగాయి. పత్రికలో రాగానే చూడ్డానికి జనం బస్సులేసుకుని వచ్చారు. స్మిత్ దంపతులు తట్టుకోలేక ఖాళీ చేశారు.

తర్వాత 1930 నుంచి 1935 దాకా ఫాయిస్టర్ దంపతులు. వాళ్ళ కాలంలో గోడల మీద పెన్సిల్ రాతలు, ఫాయిస్టర్ భార్య పేరు పెట్టి సాయం అడుగుతూ. 1937లో ఇల్లు ఖాళీ అయితే ప్రైస్ ఏడాదికి 30 పౌండ్లకి అద్దెకు తీసుకున్నాడు! ‘టైమ్స్’ పేపర్లో ప్రకటన ఇచ్చి, తీరిక, తెలివి, ధైర్యం ఉన్నవాళ్ళు కావాలని అడిగి, 48 మందిని ఎంచుకుని కాపలా పెట్టాడు. ఏం గమనించాలో, ఎలా రాసుకోవాలో చెప్తూ ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి చేతికిచ్చాడు. దాని పేరు బ్లూ బుక్.

1938 మార్చి 27న లండన్‌లో ప్లాంచెట్ (ఆత్మలు రాస్తాయనే చిన్న చెక్కపలక) వేస్తే, ఈ రాత్రే ఆ ఇల్లు తగలబడుతుందని వచ్చిందట. ఆ రాత్రి ఏమీ కాలేదు. సరిగ్గా పదకొండు నెలలకి, 1939 ఫిబ్రవరి 27న తగలబడింది. కొత్త ఓనరు పుస్తకాలు సర్దుతుంటే నూనె దీపం పడిందన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ మాట నమ్మలేదు. తర్వాత ప్రైస్ సెల్లార్ తవ్విస్తే దవడ ఎముక, పుర్రె ముక్క దొరికాయి. వాటికి 1945లో క్రైస్తవ పద్ధతిలో సమాధి కట్టించాడు. 1940లో ఒకటి, 1946లో ఒకటి, ఈ ఒక్క ఇంటి మీదే రెండు పుస్తకాలు రాశాడు.

రాత్రి ఆ రెండోది చదువుతుంటే మా సంప్ మోటార్ ఆన్ అయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒప్పుకుంటున్నాను.

అడయారు వంతెన · మధ్యాహ్నం 1:25

సూరి గారూ, మిగతా సగం కూడా చెప్పాలి. ప్రైస్ పోయాక చార్లెస్ సటన్ అనే విలేఖరి బయటపెట్టాడు. 1929లో బోర్లీలో రాయి వచ్చి తన తలకి తగిలితే ప్రైస్‌ని పట్టుకుని జేబులు తడిమాడట, వాటి నిండా రాళ్ళూ ఇటుక ముక్కలూ ఉన్నాయట. పరువునష్టం భయంతో అప్పట్లో పత్రిక అచ్చు వేయలేదు. 1944లో ఇల్లు కూలగొడుతుంటే ‘లైఫ్’ మ్యాగజైన్ ఫోటోలో గాల్లో తేలుతున్న ఇటుక పడింది. ప్రైస్ దాన్నీ పుస్తకంలోకి ఎక్కించాడు. కూలివాళ్ళు ఇటుకలు విసురుతున్న చోటది! 1956లో డింగ్‌వాల్, గోల్డ్‌నీ, హాల్ అనే ముగ్గురు ఒక పెద్ద పుస్తకమే రాసి, కొన్ని ప్రైస్ స్వయంగా సృష్టించాడని, మిగతావాటిని వంకర తిప్పాడని తేల్చారు. ముగ్గురిలో ఇద్దరు ఆయన్ని బాగా ఎరిగినవాళ్ళే.

ఓఎమ్మార్ నైట్ షిఫ్ట్ · మధ్యాహ్నం 1:31

అంటే ఫ్రాడ్. థ్రెడ్ క్లోజ్.

కావలి కోడలు · మధ్యాహ్నం 1:50

మనిషి పోయాక జేబులో రాళ్ళున్నాయని ఎవరైనా చెప్పొచ్చు తమ్ముడూ. బతికుండగా ఎందుకు చెప్పలేదు?

ఓఎమ్మార్ నైట్ షిఫ్ట్ · మధ్యాహ్నం 1:54

మల్లెపూల వాసనకి కూడా సాక్షి మీ ఆయనొక్కరేగా అక్కా.

నిర్వాహకుడు · మధ్యాహ్నం 2:10

మెల్లగా. సినిమా హీరోలు, పార్టీలు, కులాలు లేకుండా ఇంత దూరం నడిచిన థ్రెడ్ ఈ ఏడాది ఇదొక్కటే. పాడు చేయకండి. నైట్ షిఫ్ట్ గారూ, ఆ చివరి మాట అనవసరం.

ఓఎమ్మార్ నైట్ షిఫ్ట్ · మధ్యాహ్నం 2:12

సారీ అక్కా.

పెరంబూరు పద్మజ · సాయంత్రం 4:40

నాకు అర్థం కానిది ఒకటుంది. హోప్ ప్లేట్లు పట్టుకున్న మనిషే జేబులో రాళ్ళు వేసుకుంటాడా? డబ్బు కోసమైతే దయ్యాల మీద అంత కష్టం అక్కర్లేదు. జీవితమంతా పోగుచేసిన మంత్రతంత్రాల, గారడీల పుస్తకాలు వేలకొద్దీ లండన్ యూనివర్సిటీకి ఇచ్చేశాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉన్నాయి అక్కడ. వాటిలో దయ్యాలు అబద్ధమని రాసినవి కూడా బోలెడు.

పాత మాంబళం · రాత్రి 8:05

అమ్మాయి పద్మజ ప్రశ్నకి నేను జవాబు చెప్పగలను. నాకిప్పుడు ఎనభై దాటాయి. టైపు చేస్తున్నది మా మనవరాలు, తప్పులుంటే దాన్ని అనండి.

డెబ్బైల్లో నేను ఈ ఊళ్ళో ఒక తెలుగు వారపత్రికలో సబ్ ఎడిటర్ని. అప్పుడు తెలుగు పత్రికలు కొన్ని ఇక్కడినుంచే వచ్చేవి. పేరు వద్దు. ‘పాఠకుల దయ్యం అనుభవాలు’ అని అరపేజీ శీర్షిక పెట్టారు. మొదటి వారానికి ఒక్క ఉత్తరం రాలేదు. ఫారం మెషిన్ మీదికి వెళ్ళాలి, కంపోజిటర్ నిలబడి ఉన్నాడు. ఎడిటర్ నా వైపు చూశాడు. నేను కూర్చుని ఇరవై నిమిషాల్లో ఒక అనుభవం రాసేశాను. రాయపురంలో ఒక ఇల్లు, పెరట్లో బావి, అర్ధరాత్రి దాటాక ఎవరో నీళ్ళు తోడుతున్నట్టు గిలక కిర్రుమంటుంది, తెల్లారి చూస్తే తడి అడుగులు గుమ్మందాకా వచ్చి ఆగిపోయి ఉంటాయి. రాయపురం ఎందుకంటే నేను అప్పటికి అటువైపు వెళ్ళలేదు, తెలిసిన వీధి రాస్తే ఎవరైనా కొడతారని భయం. కింద ఒక ఆడమనిషి పేరు పెట్టాను.

మూడో వారానికి సంచిలో ఉత్తరాలు వచ్చాయి. తెనాలి నుంచి, కడప నుంచి, బళ్ళారి నుంచి. సగానికి పైగా వాటిలో గిలక ఉంది. తడి అడుగులు ఉన్నాయి. నేను గుమ్మం దగ్గర ఆపాను కదా, వాళ్ళ దయ్యాలు కూడా గుమ్మం దగ్గరే ఆగాయి. వాళ్ళెవరూ అబద్ధాలకోర్లు కాదు నాయనా. నాలుగు పేజీలు రాసి, తప్పులు కొట్టేసి మళ్ళీ రాసిన ఉత్తరాలవి.

సూరి చెప్పిన ఆ బ్లూ బుక్ సంగతి చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది. 48 మందికి ఏం వినాలో ముందే అచ్చు వేసి చేతికిచ్చాడు. నేను చేసిందీ అంతే, పత్రికలో వేశాను.

ఇక అమ్మాయి ప్రశ్న. రాళ్ళు వేసుకున్నాడో లేదో నాకు తెలియదు. వేసుకుని ఉంటే డబ్బు కోసం కాదు. మెషిన్ ఆగి ఉంటుంది, కంపోజిటర్ ఎదురుగా నిలబడి ఉంటాడు, ఈ వారం దయ్యం రాలేదు. అప్పుడు చెయ్యి జేబులోకి వెళ్తుంది. ఆ చెయ్యి నాకు బాగా తెలుసు.

సైదాపేట సూరి · రాత్రి 8:30

బాబాయి గారూ, మీరు ఇన్నాళ్ళూ ఈ వేదికలో క్రాస్‌వర్డ్ థ్రెడ్‌లో తప్ప మాట్లాడలేదు! అసలు రాయపురం నుంచి ఎవరూ రాయలేదా?

పాత మాంబళం · రాత్రి 9:10

ఒకావిడ రాసింది. ఇన్‌లాండ్ లెటర్, పెన్సిల్‌తో. మీరు పత్రికలో వేసిన ఇల్లు మాదేనండీ అని. బావి ఉందట, గిలక తీసేసి చాలా ఏళ్ళయిందట. రాత్రిళ్ళు ఏదో చప్పుడు ఎప్పటినుంచో వినిపించేదట, అదేమిటో తెలిసేది కాదట. మీరు రాశాక గుర్తుపట్టాను, అది గిలకే, అని రాసింది.

ఆ ఉత్తరం పట్టుకుని ఒక ఆదివారం వెళ్ళాను. వీధి ఉంది, ఇల్లు ఉంది. మేడ మీద వడియాలు ఎండబెట్టారు. తలుపు కొట్టలేదు. అదంతా నా కల్పన అని చెప్పాలనే వెళ్ళాను, చెప్పకుండానే బీచ్ స్టేషన్‌కి నడుచుకుంటూ వచ్చేశాను. పై వారం ఆవిడ ఉత్తరం అచ్చు వేశాం. శీర్షిక ఇంకా మూడేళ్ళు నడిచింది.

కావలి కోడలు · రాత్రి 9:22

ఆ ఉత్తరం ఇంకా ఉందా తాతగారూ?

పాత మాంబళం · రాత్రి 9:26

ఉందమ్మా. బీరువాలో.

సైదాపేట సూరి · రాత్రి 9:31

బాబాయి గారూ, వీధి పేరు చెప్తే వచ్చే ఆదివారం నేను వెళ్ళి చూసొస్తాను. టార్చి, సుద్దముక్క, నోటుబుక్కు అంతే. ఎవరినీ ఇబ్బంది పెట్టను.

పాత మాంబళం · రాత్రి 9:58

చెప్పను నాయనా. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరుంటున్నారో. వాళ్ళకి ఏ చప్పుడూ వినిపించడం లేదేమో.

ఓఎమ్మార్ నైట్ షిఫ్ట్ · సోమవారం, తెల్లవారుజామున 2:34

పద్మజక్కా, మెయింటెనెన్స్ అతన్ని అడిగాను. మీరు చెప్పిందే కరెక్ట్, లిఫ్ట్‌కి ఆరో ఫ్లోర్ సెట్ చేసి ఉందట. అయినా ఇప్పుడు మెట్ల మీద కూర్చునే ఇది టైప్ చేస్తున్నాను.